మామ చూసొచ్చిన మస్కట్

నా చిన్నప్పుడు, రెండు వేల మూడో నాలుగో, మా ఆర్మూర్‌కు ప్రపంచంలో రెండే దేశాలుండేవి. ఒకటి మనది, రెండోది మస్కట్. మస్కట్ ఒక ఊరు మాత్రమేనని, దేశం పేరు ఒమన్ అని ఏడో తరగతిలో ఉన్న నాకు సోషల్ పుస్తకం చెప్పింది. ఆ మాట వీధిలో అంటే, అక్కడి నుంచి దుప్పట్లు మోసుకొచ్చిన వాళ్లకంటే నీ పుస్తకానికి ఎక్కువ తెలుసా అని నా నోరు మూయించారు.

ఆ మస్కట్ నుంచి నాలుగేళ్ల తర్వాత మా మేనమామ దిగాడు. ఆయన పూసుకున్న సెంటుకు పక్కూరు అంకాపూర్ దాకా ఈగలు మూర్ఛపోయాయి. తెచ్చిన దుప్పటి పరిస్తే మార్కెట్ యార్డు సగం కప్పేది. నల్ల కళ్లద్దాలు అన్నం తినేటప్పుడు కూడా తీయలేదు. పప్పులోని మిరపకాయను బెండకాయ అనుకొని నమిలి, వచ్చిన కన్నీళ్లను ఆ అద్దాల వెనకే దాచుకున్నాడు. ఇంతటి చూపు గల మనిషి మా పసుపు కళ్లంలో నులకమంచమెక్కి, మాకొక దేశాన్ని పాఠం చెప్పడం మొదలుపెట్టాడు.

ముందు భూగోళం. అక్కడ మట్టే ఉండదట, అడుగు తీసి అడుగు వేస్తే అద్దమేనట. గుట్టలు అసలే లేవట. మా ఊరి గుట్టమీది నల్లబండలు చూస్తే ఆ దేశపు వాళ్లు పడీపడీ నవ్వుతారట. నా అట్లాసులో ఆ దేశానికి కొండల రంగు పూసి ఉందని తెరిచి చూపించాను. అది అచ్చుతప్పు అన్నాడు. తర్వాత ప్రజలు. అత్తరుతో స్నానం చేస్తారట, జన్మలో కోపం రాదట. సంస్కృతి ఎట్లా ఉంటుందని అడిగితే, ప్రతి గదికీ ఏసీ ఉంటుందన్నాడు.

ఆయన మీద నాకు కలిగిన చులకనను బస్తాలకెత్తితే రెండు లారీలు చాలవు. అంతకంటే చులకన, నోళ్లు తెరుచుకొని విన్న మా వీధి మీద. కాని ఆ నోళ్లలో మా బాపుది కూడా ఒకటి, అదీ చిక్కు. బాపు పాస్‌పోర్టు అప్పటికే వచ్చి బీరువాలో ఉంది. ఈ పసుపు అమ్ముడుపోగానే మామ వెంట పోతానని అమ్మతో అనేశాడు. అమ్మ రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు.

మా నాయనమ్మ మాత్రం ఎండిన పసుపు కుప్ప ముందు కూర్చొని, పొడుగాటి కాడిని ఒకవైపు, ఉండలాంటి గోళను ఒకవైపు ఏరుతోంది. ఆమె పసుపు చూసే తీరు ఊరంతటికీ తెలుసు. పైన మెరిసేదాన్ని ముట్టదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగునున్న కాడిని లాగి, చెవి దగ్గర పెట్టి విరుస్తుంది. టక్కుమంటే ఎండినట్టు. మెత్తగా వంగిందా, పైన ఎంత మెరిసినా లోపల పచ్చిదే.

ఆ రోజు ఆమె చెయ్యి మామ మాటల కుప్పలోకి దూరింది. ఏరుతున్న పని ఆపకుండానే అడిగింది.

"నాలుగేండ్లున్నవ్ గద బిడ్డా. గా దేశపోళ్లల్ల ఎవలింట్ల తిన్నవ్?"

మామ తేలిగ్గా నవ్వాడు. "గా తిండి మనకు పడది అత్తమ్మా."

"తినకుంటనే ఎట్ల దెల్సింది, పడదని?"

వీధంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. మామ నవ్వలేదు. మెల్లగా కళ్లద్దాలు తీశాడు. ఊళ్లో దిగినప్పటి నుంచి ఆయన కళ్లు మేము చూడటం అదే మొదటిసారి. ఇసుకకు ఒరుసుకుపోయి, చుట్టూ ఎర్రగా కమిలి ఉన్నాయి.

"ఎవ్వలు పిలువలే అత్తమ్మా," అన్నాడు.

ఆ తర్వాత చెప్పిన పాఠంలో అద్దాలు లేవు. ఎడారిలో రోడ్డు పని. రేకుల గదిలో పన్నెండు మంది, అందరూ మన దొంకేశ్వర్, ఏర్గట్ల వైపు వాళ్లే. పనికి తీసుకుపోయే బస్సు కిటికీలకు నల్ల కాగితం. ఆ దేశపు మనిషి ఆయనతో మాట్లాడింది ఒక్కసారే, విమానం దిగినప్పుడు ముద్ర వేసేవాడు వరుసలో నిలబడమన్నప్పుడు. ఏసీ ఉన్నది నిజమే, రెండో ఏడు చెడిపోయింది. మామ నాలుగేళ్లూ బతికింది మస్కట్‌లో కాదు, రేకుల కప్పు వేసిన దొంకేశ్వర్‌లో.

నా నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. నాయనమ్మ లేచి, జొన్నరొట్టె తెచ్చి మామ ముందు పెట్టింది. బాపు వైపు చూసి, "పోతే పో కొడుకా, నేనేం అడ్డం రాను. గని మెరుపు జూసి పోకు," అన్నది. బాపు ఆ ఏడు పోలేదు. పై ఏడూ పోలేదు. అమ్మ ఆ పూటే నోరు తెరిచి, రెండు రోజుల తిట్లన్నీ ఒక్క ఊపులో తిట్టింది. మా ఇంట్లో అంతటి సంతోషం నేను మళ్లీ చూడలేదు.

మామ తిరిగి వెళ్లాడు. రెండేళ్లకు మళ్లీ వచ్చాడు. ఈసారి సెంటు లేదు, అద్దాలు లేవు, ఈగలు క్షేమం. నేరుగా నాయనమ్మ దగ్గరికి పోయి, జేబులోంచి నల్లగా, రాయిలా ఎండిపోయిన నిమ్మకాయ ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. నీళ్ల ట్యాంకర్ నడిపే ఆ దేశపు ముసలాయన పండుగనాడు తన ఇంటికి తీసుకుపోయాడట. అందరూ నేలమీద కూర్చొని ఒకే పళ్లెంలో తిన్నారట. చేపల కూరలో ఇలాంటి నిమ్మకాయే వేశారట. ఆ ఇంటి వెనక గుట్టలు ఉన్నాయని, మన గుట్టకు పదింతలని, నా వైపు చూడకుండా ఒప్పుకున్నాడు. దేశం గురించి అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

నాయనమ్మ ఆ నిమ్మకాయను చెవి దగ్గర పెట్టి విరిచింది. టక్కుమంది. వాసన చూసి అన్నది.

"గిప్పుడు పోయొచ్చినవ్."

ఇప్పుడు నాకు ముప్పై అయిదు దగ్గరపడుతోంది. ఐదు రోజుల ప్యాకేజీ టూరుకు పోయి, హోటల్లో మన ఇడ్లీలే తిని, తిరిగొచ్చి ఆ దేశ ప్రజల స్వభావం మీద గంట ఉపన్యాసమిచ్చే మహానుభావులు వారానికొకరు తగులుతారు. ఎవరింట్లో తిన్నారని జాలి లేకుండా అడుగుతాను. మొహం మాడ్చుకుంటారు, నాకు ఆ పూట అన్నం రుచిగా ఉంటుంది. మొన్నామధ్య నేనూ అలాంటి టూరుకే పోయొచ్చాను. వంటింట్లో నిలబడి ఫోన్లో చెల్లెలితో, "అక్కడి మనుషులు ఎట్లాంటి వాళ్లంటే," అని మొదలుపెట్టాను. పోపుల డబ్బా పక్కన, నాయనమ్మ విరిచిననాటి నుంచి నేను దాచుకున్న ఆ నిమ్మకాయ సగం పెంకు కనిపించింది. దాని వాసన పోయి ఏళ్లయింది. అయినా ఆ మాట అక్కడే మింగి, చెల్లెలితో మా ఊరి ఎండల సంగతి మాట్లాడాను.