పాతదా, కొత్తదా?

మా చెల్లెల్ని ఇంట్లో అందరం మొండి అనే పిలిచేవాళ్లం. అది పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నర్సరీలో నారు పెంచే పని దానిది. పొడుగాటి షెడ్డులో రోజంతా ట్రేల మీద వంగి ఉండేది. గ్లౌజులిస్తే పక్కన పడేసేది, మట్టి తడి చేతికి తెలియాలట. ఏ మొక్క ఆకు మీదైనా మచ్చ కనిపిస్తే అప్పటికప్పుడే పీకి పారేసేది. "జాలిపడి రేపు చూద్దాంలే అనుకుంటే ట్రే మొత్తం పోతుందక్కా" అనేది. పనిలో దానికి వంక పెట్టినవాళ్లు లేరు.

పెళ్లయిన చాన్నాళ్లకు కడుపు పండింది. మొదట్లోనే చేసిన రక్తపరీక్షలో టాక్సోప్లాస్మోసిస్ అని వచ్చింది. పిల్లుల మలం కలిసిన మట్టి నుంచో, సరిగా ఉడకని మాంసం నుంచో సోకే జబ్బు అది. పెద్దవాళ్లకు చాలావరకు సోకినట్టే తెలియదు. కడుపుతో ఉండగా కొత్తగా సోకితే మాత్రం బిడ్డ కళ్లకూ మెదడుకూ ప్రమాదం.

డాక్టరమ్మ నా ఎదుటే నెమ్మదిగా చెప్పింది. "కంగారు పడకు తల్లీ. కడుపు రాకముందే ఎప్పుడో సోకి ఉంటే బిడ్డకు భయం లేదు. కొత్తదని చూపించే గుర్తు ఒక్కోసారి రక్తంలో నెలల తరబడి ఉండిపోతుంది. పాతదో కొత్తదో తేల్చే పరీక్ష వేరే ఉంది. ఈ రక్తమే పెద్ద ల్యాబుకు పంపిస్తున్నా. అందాకా ఆగు."

ఆగడమా, అదా? తిండి మానేసింది. మొగుడు బతిమాలినా వినలేదు.

"డాక్టరమ్మ ఆగమంది కదే" అన్నాను.

"మచ్చ పడ్డాక ఆగితే ఏమవుతుందో నాకు తెలుసక్కా. పుట్టాక జీవితాంతం బాధపడేది బిడ్డ, డాక్టరమ్మ కాదు."

"కడుపులో ఉన్నది నారుమొక్క అనుకున్నావా?" అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఎవరి మాటా దాని చెవికెక్కలేదు. మాకెవరికీ చెప్పకుండా వేరే ఆసుపత్రికి వెళ్లి కడుపు తీయించుకుని వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ మంచం మీద ముడుచుకుని పడుకున్న దాన్ని చూశాక దుప్పటి కప్పి పక్కన కూర్చున్నాను.

తర్వాతి వారం దానికి తల దువ్వుతుంటే ఫోన్ మోగింది. ల్యాబులో పనిచేసే అమ్మాయి. స్పీకరులో మాటలు నాకూ వినపడ్డాయి.

"మేడమ్, రిపోర్టు వచ్చిందండి. సోకింది పాతదే, కడుపు రాకముందుది. బిడ్డకేం భయం లేదని మీకు వెంటనే చెప్పమన్నారు డాక్టరు గారు."

చెల్లెలు "మంచిదండి" అంది.

"ఇక హాయిగా ఉండండి మేడమ్. బాబో పాపో పుట్టాక మాకు స్వీట్లు పంపాలి మరి."

"అలాగేనమ్మా, పంపిస్తాను" అని ఫోన్ పెట్టేసింది.