మా బావ వ్యానులో గోనెసంచులు

మొన్న మా మనవరాలు కొత్త వ్యాను కొని, నన్ను విజయనగరం నుంచి శ్రీకాకుళం తీసుకెళ్ళింది. పన్నెండు మంది పట్టే బండి. దారిపొడుగునా ఒక్క కుదుపు లేదు. నేను మాత్రం ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకునే కూర్చున్నాను. "ఏటమ్మమ్మా, అలా బిగుసుకుపోయావు?" అని నవ్వింది. ఏం చెప్పను? వ్యాను మెత్తగా పోతోందంటే నాకు నమ్మకం కుదరదు. కింద ఎవరో ఏదో విప్పేసి ఉంటారని అనుమానం. అది మా బావ వల్ల పట్టుకున్న జబ్బు.

అరవైల చివర్లో చీపురుపల్లి దగ్గర ఒక చిన్న మిషను ఆసుపత్రిలో నేను నర్సుని. మా అక్క భర్త అక్కడే వ్యాను డ్రైవరు. ఆ వ్యాను సామాన్లు మొయ్యడానికి పుట్టిన బండి. నిండా బరువేస్తే ఒద్దికగా పోయేది, ఒక్క రోగిని పడుకోబెడితే మాత్రం ఎగిరెగిరి పడేది. ఒక వేసవిలో నెలలు నిండని గర్భిణిని అందులో విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. గతుకు గతుక్కీ ఆమె నా చెయ్యి పట్టుకుని అరిచింది. విజయనగరం చేరేలోపే కాన్పయింది, బిడ్డ దక్కలేదు. అది కుదుపుల వల్లో కాదో చెప్పలేనంది మా డాక్టరమ్మ. బావ వ్యాను తనే కడిగాడు. రెండురోజులు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

ఆ తర్వాతే ఆయన వాలకం మారింది. ఖాళీ దొరికితే చాలు, వ్యానేసుకుని కమ్మరి కొట్టుకి పోయేవాడు. ఎందుకంటే చెప్పడు. ఓ రోజు బండి కిందికి వంగి చూస్తే, చక్రాల మీద బరువు మోసే కమాను కట్టల్లో ఇనప పట్టీలు తగ్గి కనిపించాయి. పక్కకు రెండేసి లేవు. టైర్లు కూడా కాస్త చప్పబడి ఉన్నాయి. పైగా వెనక తలుపు దగ్గర నాలుగు గోనెసంచులు, మూతులు గట్టిగా కుట్టేసి! బియ్యం జిల్లా దాటించాలంటే పర్మిట్టు కావలసిన రోజులవి. మా అక్కది ఇంకో రకం అనుమానం. "ఆ కమ్మరోడికి ఓ సెల్లెలున్నాదంట. దాని సంగతేటో నువ్వు సూసి రావే," అని నన్ను పొమ్మంది. నాకు ఆ చెల్లెలి కన్నా సంచుల మీదే కన్ను పడింది. ఇనుము అమ్ముకుంటున్నాడు, బియ్యం దాటిస్తున్నాడు అని లెక్క తేల్చేసుకుని, తిన్నగా డాక్టరమ్మ దగ్గరికెళ్ళి చెప్పేశాను. ఆ మాటకి బావ ఉద్యోగం పోతుందన్న ఆలోచన చెప్పాక గాని రాలేదు.

ఆవిడ వచ్చి వ్యాను తలుపు తీయించింది. సంచిలో ఏముందని అడిగింది. బావ నోరు తెరిచేలోపే నేను జడలో పిన్ను తీసి సంచిలో గుచ్చాను. జరజరా ఇసక కారింది.

"బరువు లేకపోతే ఈ బండి గెంతుతాదమ్మా," అన్నాడు బావ డాక్టరమ్మతో. "పట్టీలు తుప్పట్టి ఒకదానికొకటి అతుక్కుపోనాయి. విప్పించి, గీకించి, గ్రీజు రాయించినాను, టైర్లలో గాలీ కాస్త తగ్గించినాను. రెండేసి పట్టీలు కమ్మరోడి కాడే ఉన్నాయి. మెత్తబడకపోతే మళ్ళీ ఎక్కించేద్దారని, ముందుగా సెప్పలేదు." స్ట్రెచరుని కూడా వెనక చక్రాల మీంచి నడిమికి జరిపి, కింద మెత్తగా జనపపీచు పరుపు వేశాడు. నేనింకా నమ్మలేదు. పట్టీలు తీసిన బండి పడిపోతుందన్నాను. "అయితే నువ్వే తొంగుని సూడు," అన్నాడు. పడుకున్నాను. ఊరి చివరి గతుకుల దగ్గర పళ్ళు బిగబట్టి కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి గతుకులు దాటిపోయాయి.

పదిరోజులకే పొందూరు నుంచి ఒకామెను తీసుకొచ్చారు. నూలు వడికే మనిషి, ఏడో నెల, రక్తం పోతోంది. మళ్ళీ అదే దారి, మళ్ళీ నేనే పక్కన. బావ గతుకులున్న చోటల్లా నడకకన్నా కాస్త జోరుగా, రోడ్డుతో బతిమాలుకుంటున్నట్టు నడిపాడు. నేను ప్రతి కిర్రుకీ చెవి ఒగ్గాను. విజయనగరం దాటాక ఆమె కళ్ళు మూతపడ్డాయి. స్పృహ తప్పిందనుకున్నాను. నాడి పట్టుకుని, బుగ్గ తట్టి గట్టిగా పిలిచాను.

ఆమె విసుగ్గా కళ్ళు విప్పింది. "ఏటమ్మా నువ్వు! ఇప్పుడే కునుకు పడతన్నాది, లేపేసినావు," అని అటు తిరిగి మళ్ళీ నిద్రపోయింది. ముందు సీట్లో బావ భుజాలు కదలడం చూశాను. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వెనకనుంచి తెలియలేదు.

ఆమెను పెద్దాసుపత్రిలో ఉంచుకున్నారు. నెల దాటాక ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా ఆ వ్యానులోనే తిరిగొచ్చారు.

డాక్టరమ్మకి ఎవరు చెప్పారని బావ ఆ రోజు అడగలేదు. తర్వాత కూడా అడగలేదు. ఆయనకు తెలిసే ఉంటుందని నా అనుమానం. అడిగితే ఒప్పుకుందామని నేనూ, చెబితే విందామని ఆయనా ఊరుకున్నాం కాబోలు. అలా ఊరుకోవడంలోనే నలభై ఏళ్ళు గడిచిపోయాయి, ఆయనా వెళ్ళిపోయాడు.