పన్నెండు అడుగుల తాడు

1946 శ్రావణ మాసంలో ఒక బుధవారం ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో, నగరిలో నేతవారి వీధి చివర, అలివేలమ్మ నాలుగు రోజులు శ్రమపడి తవ్వుకున్న మగ్గం గుంటలో పొరుగింటి పునాది మట్టి పడింది. మొదటి తట్ట చేయి జారిందనుకుంది. రెండవ తట్ట కూడా పడేసరికి చుడుతున్న కండెను పక్కన పెట్టి బయటికి వచ్చింది.

అప్పటికి ఆమెకు ముప్పై ఆరేళ్లు. పుత్తూరు పక్క పల్లె నుంచి పద్నాలుగవ ఏట చెంగయ్యకు భార్యగా వచ్చింది. నాటినుంచి ఇరవై రెండేళ్లు కండెలు చుట్టింది, పడుగు సాగదీసింది, గంజి పెట్టింది. మగ్గం మీద మాత్రం కూర్చోలేదు. ఆ వీధిలో నేయడం మగవాడి పని. రెండేళ్ల క్రితం చెంగయ్య జ్వరంతో నలభై రోజులు మంచం పట్టినప్పుడు, సగంలో ఆగిన చీర కోసం ఆమె తొలిసారి గుంటలోకి దిగింది. లేచి తిరగగలిగాక చెంగయ్య ఆ చీరను వెలుతురుకు పట్టి, తన చేయి ఆగి భార్య చేయి మొదలైన చోటును చాలాసేపు వెతికాడు. దొరకలేదు. అప్పటినుంచి ఆమెకు తనదైన మగ్గం కావాలి.

అది నూలు కంట్రోలు కాలం. నేతవారి సంఘం మగ్గాల లెక్కన నూలు పంచేది. సంఘంవారు భాద్రపదంలో వచ్చి, ఆనాటికి పడుగు ఎక్కి నిలిచిన మగ్గాన్ని మాత్రమే రాసుకుంటారు. రాయని మగ్గానికి మరుసటి సంవత్సరం దాకా పోగు దొరకదు. చేతిలో ఉన్న వ్యవధి ఇరవై ఆరు రోజులు.

చెంగయ్య స్థలం వీధి వెంబడి ముప్పై ఆరు అడుగులు. అందులో ఇల్లు ఇరవై ఆరు. ఉత్తరాన మిగిలిన పది అడుగుల ఖాళీలో కొట్టం వేయాలన్నది అలివేలమ్మ సంకల్పం. మట్టిగోడ మందం తొమ్మిది అంగుళాలు పోతే లోపల తొమ్మిదింబావు అడుగులు ఉంటుంది. నేసేవారు కూర్చునే చోటు నుంచి పడుగు కట్టే వెనుక గుంజ వరకు మగ్గానికి ఎనిమిదిన్నర చాలు. మగ్గాన్ని అడ్డంగా కాక నిలువుగా తిప్పితే వంటింటి వాకిలి మూసుకుపోతుంది. అందువల్ల ఆ వెడల్పులో తగ్గించుకోవడానికి ఎక్కువ లేదు.

ఉత్తరపు పొరుగు దొరస్వామిది. ధాన్యం వ్యాపారి, ఎవరి జోలికీ పోని మనిషి. పాత పూరిల్లు తీసివేసి మిద్దె కట్టడానికి ఆ తెల్లవారుజామునే శంకుస్థాపన చేశాడు. ఆయన మేస్త్రీ మునస్వామి ముగ్గుపిండితో గీసిన పునాది గీత, అలివేలమ్మ పది అడుగులలో ఒకటిన్నర అడుగు లోపలికి వచ్చింది. కూలీలు దాని వెంబడే తవ్వుతున్నారు.

"దొరసామన్నా, గీత నా సోట్లోకి వచ్చి ఉండాది. మట్టి నా గుంటలో పడతా ఉండాది," అన్నది అలివేలమ్మ.

"నేను గీసినానా తల్లీ? మేస్త్రీ గీసినాడు. ఆయప్పను అడుగు," అన్నాడు దొరస్వామి.

మునస్వామి తలపాగా సవరించుకున్నాడు. "దక్షిణం మూల రాయి కాన్నుంచి నీకు ముప్పై ఆరు అడుగులు, దొరసామికి ముప్పై. నీకు మూడు తాళ్లు, ఆయప్పకు రెండున్నర. పత్రాల్లో ఉండేది అదే గదమ్మా? అయినా ఆ తాడు ఎవరిది? నువ్వు పేనిందే. నీ తాడు మీద నీకే నమ్మకం లేకపోతే మేమేం జేసేది?"

కూలీలు నవ్వారు. ఒకడు, "తాడు వద్దంటే మూరేసి ఇమ్మను మేస్త్రీ, ఆయమ్మ మూర పొడుగుంటాదేమో!" అన్నాడు.

మేస్త్రీ అన్నది నిజమే. ముహూర్తానికి కొత్త నూలు తాడు ఉండాలని దొరస్వామి భార్య జ్ఞానాంబ అడిగితే, మగ్గం నుంచి కోసిన పోగుకొసలు చేర్చి, గట్టి పురి ఎక్కించి, రెండు చివర్ల ముడులు వేసి, ముడికి ముడికి పన్నెండు అడుగులు సరిచూసి అలివేలమ్మే ఇచ్చింది.

ఆమె ఇంట్లోకి పోయింది. చెంగయ్య మగ్గం ఆపి అంతా విన్నాడు.

"పోనీలే. పక్కనుండేవాళ్లతో తగువేల? మగ్గం పై ఏడాది ఏసుకుందాం," అన్నాడు.

"పై ఏడాది ఇంకో గోడ అడ్డమొస్తాది. అప్పుడు ఆ పై ఏడాది అంటావు. నువ్వు నేస్తా ఉండు," అన్నది.

అడుగుల గుర్తులు పెట్టుకున్న పడుగు కర్ర తీసుకొని తన ఇంటి గోడ నుంచి ముగ్గు గీత వరకు కొలిచింది. ఎనిమిదిన్నర అడుగులు. ఇల్లు కదలలేదు, మూల రాయి కదలలేదు. పత్రంలోని అంకె మారలేదు. ఇక మారడానికి మిగిలింది తాడు ఒక్కటే. ఆమె పెరటి కంచె దగ్గరికి పోయి జ్ఞానాంబను పిలిచింది.

"వదినా, రాత్రి తాడు యాడ పెట్టినావు?"

"పసుపునీళ్ల కడవలో ఊరేసినా. పైపైన పూస్తే ఏం శుభం? ఊరితే నూలు నూలుకూ పసుపు పడతాది గదా. తెల్లారుజామున తీసి అట్లే మేస్త్రీ సేతికిచ్చినా. ఏమి?"

"ఏమీ లేదొదినా. బాగా ఊరిందా?"

"బాగానా! బంగారంగా ఉండాది సూడుపో."

పురి ఎక్కిన నూలు తడిస్తే ప్రతి పోగూ నీరు పీల్చి లావెక్కుతుంది. పోగు లావెక్కిన కొద్దీ పురి చుట్లు వెడల్పవుతాయి; ఆ వెడల్పుకు కావలసినది పొడవులోనుంచి పోతుంది. పురి గట్టిదైన కొద్దీ తాడు ఎక్కువ కురచబడుతుంది. అలివేలమ్మ దీనిని ఏ పుస్తకంలోనూ చదవలేదు. కొత్త తాడు తడిసిందంటే కట్టిన ముడి వదులు చేయకపోతే గుంజ వంగుతుందని మాత్రం పడుగు పనిలో ఆమె ఎన్నోసార్లు చూసింది. మునస్వామి అంతవరకు వాడినదల్లా కొబ్బరినార తాడు. దానిని కడవలో ఊరవేసిన ఇల్లాలు ఎవరూ లేరు.

ఆమె తిరిగి వచ్చేసరికి పునాది మోకాటి లోతుకు దిగింది.

"మేస్త్రీ, నేనిచ్చిన తాడు నిన్న నువ్వు కొలుసుకున్నావా?"

"కొలవకుండా పనిలోకి దిగేవాణ్ణా నేను? నిన్న సాయంత్రం నా బద్దతో కొలిచినా. సరిగ్గా పన్నెండడుగులు."

"నువ్వే కొలిచినావా, ఇంకెవురితోనన్నా కొలిపించినావా?"

"నేనే, ఈ సేతుల్తోనే. ఇరవై ఏండ్లుగా ఇదే పని నాకు!"

"అట్లయితే ఇంకొక్కసారి కొలువబ్బా. ఇంతమంది సూస్తా ఉండారు గదా."

మునస్వామి విసుక్కుంటూనే తాడును నేల మీద సాగదీశాడు. అతని వద్ద అంగుళాల గుర్తులున్న రెండడుగుల చెక్క బద్ద ఉంది. దానిని తాడు పక్కన ఐదుసార్లు పరిచాడు. ఆరవసారి పరిచినప్పుడు బద్ద చివర ముడిని దాటి ఆరు అంగుళాలు ముందుకు పోయింది. మళ్లీ మొదటినుంచి కొలిచాడు. పదకొండున్నర అడుగులే.

"అరె! ఎవుడైనా కోసినాడా దీన్ని?"

"రెండు ముడులూ నేనేసినవే. విప్పి సూసుకో. కోయలేదు. తడిసి ముడుసుకుండాది."

కూలీలు పారలు దించి దగ్గరికి వచ్చారు. దొరస్వామి తాడును వేళ్లతో పిండి, పసుపు నీటి చుక్కలు రాలడం చూశాడు. ఆయన సందేహం మాత్రం వేరే చోట ఉంది.

"తాడు సంగతి సరేనమ్మా. నాకు దురాశ లేదు. కానీ పూజ అయిపోయినాది, ఈశాన్యంలో రాయి ఏసినాము. ఇప్పుడు గీత జరిపితే ఇంటికి మంచిదా?"

ఇది లెక్కలతో తీరే సందేహం కాదు. అలివేలమ్మ దానిని తరువాతకు ఉంచి, ముందు లెక్క ఎత్తింది.

"నా సంగతి ఇడిసిపెట్టన్నా. నీది ఎంత పోతా ఉండాదో సూసినావా? తాడుకు అరడుగు తక్కువ. నాకు మూడు తాళ్లు, ఒకటిన్నర అడుగు పోయినాది. నీ రెండున్నర కూడా కలిపితే మూల రాయి కాన్నుంచి మొత్తం ఐదున్నర తాళ్లు. మేస్త్రీ, ఐదున్నర అరడుగులు ఎంతబ్బా?"

మునస్వామి వేళ్లు మడిచాడు. "రెండడుగుల తొమ్మిదంగుళాలు."

"బాట పక్కనుండే ఆ జెముడు డొంకలో నీ ఉత్తరపు హద్దు రాయి ఉండాల. నీ ఉత్తరపు గీతకు అవతల, సరిగ్గా రెండడుగుల తొమ్మిదంగుళాలకు. నా తట్టు ఒకటిన్నర తీసుకొని, ఆ తట్టు రెండుముప్పాతిక బాటకు ఇడిసిపెడతా ఉండావు. డొంక కొట్టించు. రాయి ఆడ లేకపోతే నా గుంట నేనే పూడ్సుకుంటా."

ఆమె గొంతు పెంచలేదు. చెంగయ్య అప్పటికి వాకిట్లోకి వచ్చి నిలబడి ఉన్నాడు.

నాగజెముడు కొట్టడానికి ముప్పావుగంట పట్టింది. రాయి చూడటానికి ముళ్లలో చేయి పెట్టే ఓపిక లేక, పత్రంలోని అంకెను నమ్మి ఇటునుంచి మాత్రమే కొలిచామని మునస్వామి కొడుతూనే ఒప్పుకున్నాడు. మొదళ్లు తీశాక సున్నపు గుర్తు ఉన్న రాయి కనిపించింది. మునస్వామి మోకాళ్ల మీద కూర్చుని ఉత్తరపు గీత నుంచి దానివరకు బద్ద పరిచాడు. రెండడుగుల తొమ్మిది అంగుళాలు, ఒక పావు అంగుళం ఎక్కువ. ఆ పావు అంగుళానికి రాయి అంచు అరుగుదల కారణం కావచ్చు.

దొరస్వామి వంగి రాయి మీది సున్నపు గుర్తును తడిమి చూశాడు. తరువాత కడుపు పట్టుకొని నవ్వాడు. "కట్టకముందే నా సోటు బాటకు దానం చేస్తా ఉంటినే! చెంగయ్యా, నీ పెండ్లాన్ని నాకు ధాన్యం కొలవను పంపరా!"

"ఆయమ్మకు యాడ తీరుతాది? తన మగ్గం ఉండాది గదా," అన్నాడు చెంగయ్య. ఆ మగ్గం భార్యదని నలుగురిలో అతడు పలకడం అదే మొదలు.

అప్పుడు అలివేలమ్మ పూజ సంగతి ఎత్తింది. "పూజ రాయిని ఎవురూ కదిలించే పన్లేదన్నా. గీత జరుగుతాది, రాయి ఆడనే ఉంటాది. ఇట్లే కడితే అది గోడ కింద పడి నలుగుతాది. గీత జరిపితే ఇంటి లోపలికి వస్తాది, ఈశాన్యంలోనే. దాని మీద దేవుని గూడు కట్టుకో."

దొరస్వామి భార్య వైపు చూశాడు. జ్ఞానాంబ చెంగు నోటికడ్డం పెట్టుకొని ఉంది.

"నా పసుపునీళ్లు ఎంతపని జేసినాయి అలివేలూ!"

"అవి లేకపోతే ఈ పొద్దు ఆ డొంక ఎవురు కొడతారొదినా? నీ రాయి ఇంకో పదేండ్లు ముండ్లలోనే ఉండేది."

కొత్త గీతకు మునస్వామి తాడు ముట్టలేదు. మూల రాయి నుంచి చెక్క బద్దనే ముప్పై మూడుసార్లు పరిచి అరవై ఆరు అడుగులు కొలిచాడు. ఈసారి ఉత్తరపు రాయి దగ్గర ఆగాడు. అలివేలమ్మ స్థలంలో తవ్విన పునాదిని వదులు మట్టితో పూడిస్తే వానకు కుంగి, దానిమీద లేవవలసిన కొట్టం గోడ పగులుతుంది. ఆ సంగతి చెప్పినవాడు కూడా మునస్వామే. చెప్పి ఊరుకోక, దొరస్వామి అనుమతితో దానిని రాళ్లతో, గారతో నింపించాడు. మట్టిగోడకు రాతి పునాది ఆ వీధిలో మరే కొట్టానికీ లేదు. మగ్గం గుంటలో పడిన మట్టిని మూర మాట అన్న కూలీ చేతనే ఎత్తించారు.

గోడలు, తాటాకు కప్పు పంతొమ్మిది రోజుల్లో పూర్తయ్యాయి. ఈ సంగతి విని తరువాత ఒకసారి చూడబోయినప్పుడు లోపలి వెడల్పు నేనే కొలిచాను. తొమ్మిది అడుగుల మూడు అంగుళాలు. మగ్గం నిలిపి, పడుగెక్కించి, అలివేలమ్మ నేత మొదలుపెట్టిన నాలుగవ రోజున సంఘం గుమాస్తా పుస్తకం చంకన పెట్టుకొని వచ్చాడు. ముందు ఇంట్లో మగ్గాన్ని, తరువాత కొట్టంలో దానిని చూశాడు.

"చెంగయ్య, రెండు," అని రాయబోయాడు.

గుంటలోనుంచి, పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడె చప్పుడు ఆగింది.

"చెంగయ్యది ఒకటి. ఇది అలివేలమ్మది," అన్నదామె.

గుమాస్తా చెంగయ్య ముఖం చూశాడు. "ఏమప్పా, అట్లనే రాసేదా?"

"నేసే మనిషే సెబుతా ఉంటే నన్నడుగుతావేమి? రాయి," అన్నాడు చెంగయ్య.

గుమాస్తా కొత్త వరుస మొదలుపెట్టి, ఆమె పేరు రాసి, ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నాడు. అలివేలమ్మ సిరా అంటిన బొటనవేలిని మగ్గం మీది బట్టకు తగలకుండా చీర కుచ్చెళ్లకు తుడుచుకొని, నాడె అందుకుంది. అప్పటికి ఆ పడుగు మీద నాలుగు గజాల ఒక జానెడు బట్ట దిగింది.