హీటర్ వేస్తే డీజిల్ వాసన

మేము సరిహద్దు కొండల్లోని ఆ ఆర్మీ పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం మూడు. గాలికి లారీ మీద టార్పాలిన్ చినుగుతోంది. చెట్టు లేదు, పిట్ట లేదు. మంచు, రాయి, నాలుగు బంకర్లు. నేను డ్రైవర్ని. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే వీధి మాది. ఉలి చప్పుడుకు నిద్ర లేచే అలవాటు. ఆ కొండ మీద లేస్తే చెవుల్లో ఏ చప్పుడూ లేదు. మొదటి వారం దానికే ఏడుపొచ్చింది.

బండ్లు చూసే మెకానిక్ నంద్యాల మనిషి. నన్ను చూసి అడిగిన మొదటి మాట: "ఏమప్పా, మన తట్టు వానలు పడినాయా?"

పొద్దున్నే నాచేత బండి ముందుకు తీయించి, అది నిలబడిన చోట మంచు చూసేవాడు. నల్లచుక్క ఉంటే ఇంజిన్ ఆయిల్. ఎర్రగా ఉంటే స్టీరింగ్‌ది. "నూనె కారితే బండి నిలబడతాది. డీజిల్ కారితే అంటుకుంటాది. ముక్కు మూసుకొని తోలొద్దు" అనేవాడు.

ఆయనకు రెండేళ్ల కూతురు. వారానికోసారి ఫోన్ దొరికేది. మాట్లాడి బంకర్‌లోకి వచ్చి కూర్చునేవాడు.

"మాటలొచ్చినాయంట. ఫోనిస్తే మాత్రం మాట్లాడదు. ఊపిరి ఇనపడతాది, అంతే."

"నీ గొంతుకు జడుసుకుంటాందేమో" అన్నాడు మా వంటాయన. అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు.

మంచుకు కొండ కనుమ దారి మూసుకునేముందు కిందికి పోయే ఆఖరి కాన్వాయ్. ఇద్దరికీ సెలవు దొరికింది. నా భార్యకు నెలలు నిండాయి. నా బండిలో పక్కసీటు ఆయనది. ఆరు గంటలకు ఇంజిన్ వేడెక్కించి హీటర్ వేశాను. ఆయన ఎక్కబోతూ ఆగాడు.

"హీటర్ ఆపు." ఆపాను. "మళ్ల ఎయ్." వేశాను.

"డీజిల్ వాసన వస్తాంది."

కింద మంచు తెల్లగా ఉంది. ఒక్క చుక్క లేదు. ట్యాంకు మూత బిగువుగానే ఉంది. హీటర్ వేస్తేనే వస్తోందంటే ఇంజిన్ దగ్గరి గాలి లోపలికి వస్తోందన్నమాట. బానెట్ ఎత్తి, నన్ను రేస్ ఇమ్మన్నాడు. ఇంజెక్టర్‌కు పోయే సన్నపైపు దగ్గర అట్టముక్క పట్టాడు. అట్ట తడిసింది. పైపుకు వెంట్రుకంత పగులు. ఇంజిన్ తిరిగితేనే డీజిల్ సన్నగా చిమ్ముతోంది. పక్కనే కాలే సైలెన్సర్ గొట్టం.

"కనుమ దాటేదాంక తట్టుకోదా అన్నా?"

"తట్టుకుంటాదేమో. అంటుకుంటే నీ పెండ్లానికి ఎవురు చెప్పాల?"

వైర్‌లెస్‌లో కాన్వాయ్ కమాండర్: "ఆరున్నరకు కదులుతాం. మీ బండి వస్తుందా, రాదా?"

మిగతా బండ్లన్నీ మనుషులతో నిండి ఉన్నాయి. అది ఆయనకు తెలుసు. హ్యాండ్‌సెట్ పట్టుకొని కాసేపు కనుమ వైపు చూశాడు.

"రాదు సార్."

ముందు బండిలో సర్దుకుంటే ఒక్కరికి చోటుందన్నారు. నేను నోరు తెరవకముందే నా సంచి తీసి అందులో పడేశాడు.

"నువ్వు పో. కాన్పు ఆగదు. నంద్యాలలో దిగి నా బిడ్డను మాట్లాడించు. ఏమన్నాదో అట్లే చెప్పాల. నీ సొంతం కలపొద్దు."

అంతే. పానా తీసుకొని బండి దగ్గరికి పోయాడు. చెయ్యి కూడా ఊపలేదు.

నంద్యాలలో రైలు దిగి నేరుగా వాళ్లింటికే పోయాను. ఒంటి మీద యూనిఫాం అట్లే ఉంది. వాళ్లావిడ పిల్లను పిలిచింది. లోపలినుంచి పరుగెత్తుకొచ్చి, నన్ను చూసి గడప దగ్గర ఆగిపోయింది. ఒక్క మాటే అంది.

ఆదివారం ఆయన నాకు ఫోన్ చేశాడు. ఉన్నదున్నట్టు చెప్పాను: "'నాయన యాడ?' అనిందన్నా."

ఆయన అడిగాడు: "గొంతు ఎట్లుందప్పా?"

ఆ పిల్ల అన్నట్టే మళ్లీ పలికి చూపించాను.

ఆళ్లగడ్డలో నాకు కొడుకు పుట్టాడు. నా చేతుల్లోనే పెట్టారు. కనుమ తెరిచాక ఆయనా క్షేమంగా వచ్చాడు. ఊర్లో అందరూ నన్ను తుపాకుల గురించే అడుగుతారు. అవి చాలావరకు మరిచిపోయాను. ఇది మాత్రం పోదు: గడప మీద మునివేళ్లపై నిలబడి, నన్ను దాటి, ఖాళీ సందులోకి తొంగి చూస్తున్న ఆ పిల్ల.