ఒక్క మార్కు తక్కువ

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. గనుల ఎర్రదుమ్ము పట్టిన బస్సులో బచేలి నుంచి గీదం పోతున్నాను. పక్కన ఒక నర్సమ్మ. ముప్పై అయిదేళ్లు దాటాక డాక్టరు చదువుకు ఫారం పెట్టాలని ఆమె ఆశ. ఆ రోజే ఆఖరు. ఫారం పెట్టాలంటే పన్నెండో తరగతి మూడు సబ్జెక్టుల్లో కలిపి నూట యాభై మార్కులు ఉండాలట.

మార్కుల కాగితంలో కెమిస్ట్రీ అంకెను చెదలు తినేశాయి. ఫోన్ చేస్తే స్కూలు గుమాస్తా ఆ అంకెను హిందీలో చెప్పాడట. ఆమె అరచేతిలో పెన్నుతో కూడుతూనే ఉంది.

"నలభై ఎనిమిది, యాభై రెండు, నలభై తొమ్మిది. ఒక్క మార్కు తక్కువైతాంది పెద్దమ్మా. ఎన్నిసార్లు కూడినా గంతే."

"గుమాస్తా ఏమన్నడు బిడ్డా? ఆ మాటే చెప్పు."

"ఉన్‌సఠ్ అన్నడు."

నాకు బడి చదువు లేదు గానీ, గీదం సంతలో కూరగాయలు అమ్మి హిందీ లెక్క నేర్చుకున్నాను.

"పిచ్చిదానా! నలభై తొమ్మిదంటే ఉన్‌చాస్. ఉన్‌సఠ్ అంటే సాఠ్‌కు, అంటే అరవైకి, ఒకటి తక్కువ. యాభై తొమ్మిది!"

నవ్వుతుందనుకున్నాను. ముఖం ఇంకా పాలిపోయింది.

"ఇన్నాళ్లు ఫారమే పెట్టనియ్యరని భయం. ఇగ నిజంగనే ఆ డాక్టరు పరీక్ష రాయాల్నా పెద్దమ్మా?"

నా కొంగు పట్టుకుంది. గీదంలో దిగేదాకా వదల్లేదు.

ఇప్పటికీ సంతలో ఎవరైనా ఉన్‌సఠ్ అంటే నా చెయ్యి కొంగు మీదికి పోతుంది. మీ ఇంట్లో భయపడుతూ లెక్క వేసుకునేవాళ్ల పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి.