మిషనత్త ముంగిట పది అడుగులు

మిషనత్త పోయిందని మొన్న మంగళవారం పొద్దున పాలమనిషి చెప్పింది. సాయంత్రానికల్లా మా కాలనీ సంఘంవారు సంతాప తీర్మానం రాసి సంతకానికి పంపించారు. 'కాలనీ నియమాలను గౌరవించిన ఉత్తమ నివాసి' అట! ఆమె బతికుండగా ఆమె మీద అర్జీ రాసింది కూడా ఇదే గుండ్రటి దస్తూరీ. నేను సంతకం పెట్టలేదు. దాని బదులు ఇది రాస్తున్నాను.

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజుల్లో నేను కోడలిగా నెల్లూరు వచ్చాను. రైలుకట్టకు ఇవతల ఈ కాలనీ అప్పటికే నిండిపోయింది. మా పక్కిల్లు ఆమెది. భర్త సాయిబుగారు పోయాక వరండాలో కుట్టుమిషను పెట్టుకుని రవికెలు, పిల్లల గౌన్లు కుట్టేది. అందుకే వీధిలో అందరికీ మిషనత్త.

కొలత తీసేటప్పుడు ఆడవాళ్లు పొట్ట లోపలికి పీల్చుకుంటే నవ్వేది. "ఊపిరి బిగబట్టబాకమ్మా. బట్ట అబద్ధం చెప్పదు, కొలతిచ్చేవాళ్లే చెప్తారు." తప్పు పడితే అక్కడికక్కడే కుట్టు విప్పేసేది. "విప్పేదానికి సిగ్గుపడితే కట్టుకునేదానికి సిగ్గుపడాల" అనేది. కుట్టు రాని నాకు కూడా ఆ మాట చాలాసార్లు పనికొచ్చింది.

కాలనీకి మునిసిపాలిటీ పెట్టిన షరతుల్లో ముఖ్యమైనవి రెండే. ఇళ్లలో వ్యాపారం చేయకూడదు. ఇంటికీ వీధికీ మధ్య పది అడుగులు ఖాళీ వదలాలి. సంఘం కార్యదర్శిగా ఉన్న రిటైరైన తాసిల్దారుగారికి ఒకరోజు ఉన్నట్టుండి మొదటి షరతు మీద భక్తి పుట్టుకొచ్చింది. మిషను చప్పుడుతో కాలనీ పరువు పోతోందని అర్జీ తయారుచేశారు. దాని మీద మా మామగారు సంతకం చేశారు. ముందు గది నిండా ధాన్యం బస్తాలు పెట్టి అమ్ముకుంటూ, 'ఇంటి తిండిగింజలే' అని బొంకే మూలయింటి షావుకారూ చేశాడు. గురివింద గింజలన్నీ ఒక్క కాగితం మీద చేరాయి.

నోటీసు రాగానే మిషనత్త మిషనును లోపలి గదిలోకి లాక్కుంది. ఆ గదికి కిటికీ లేదు. మరి మా పెద్దమనుషుల ఇళ్ల ఆడవాళ్లం ఏం చేశామనుకున్నారు? రవికగుడ్డలు కొంగు చాటున పెట్టుకుని దొడ్డిసందులోంచి వెళ్లాం. వీధివైపు పరువు, దొడ్డివైపు రవికెలు! ఆమె ఒక్కరినీ కాదనలేదు. ఆ చీకట్లో కుట్టీ కుట్టీ ఆమె కళ్ల వెంట నీళ్లు కారేవి. ఒకసారి సూది వేల్లో దిగింది.

"వరండా లేకుంటే ఈ కళ్లు ఏడాది గూడా నిలవవు బిడ్డా. కళ్లు పోతే నా కూడు పోయినట్టే" అంది.

నేను తల వంచుకుని, రవికె తీసుకుని, మళ్లీ సందులోంచే వచ్చాను. ఆ నడక తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

కొన్నాళ్లకు మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చాడు. ఇస్త్రీ పంచెతో తాసిల్దారుగారు వెంట ఉన్నారు. మిషనత్త మెడలో టేపుతో, చేతిలో సుద్దముక్కతో బయటికి వచ్చింది.

"సార్, కాలనీకి రెండు షరతులుండాయి. మొదటిది నాకు రాసినారు. రెండోది ఎవురికి రాసినారు?"

"అదంతా ఇప్పుడెందుకమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కొలిస్తే తెలుస్తాది గదా."

ఆమె టేపు ఐదడుగులు. ముందు తన ముంగిలి కొలిచింది. సరిగ్గా రెండు టేపులు. తర్వాత వరసగా ఇల్లిల్లూ కొలిచి, గుడ్డ మీద గుర్తు పెట్టినట్టే ప్రహరీల మీద సుద్దతో అంకెలు వేసుకుంటూ పోయింది. మాది ఆరడుగులు. షావుకారుది మూడు. తాసిల్దారుగారు లేని కారుకు షెడ్డు వేసి వీధి దాకా దింపారు, అక్కడ టేపు చాపడానికే చోటు లేదు. ఆయన షెడ్డుకు అడ్డంగా నిలబడి ఛాతీ విరిచారు.

"ఊపిరి బిగబట్టబాకండి సార్, కొలత తప్పుతాది" అంది మిషనత్త.

ఇన్‌స్పెక్టరు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. అర్జీ 'విచారణలో ఉంది' అన్నారు. ఈనాటికీ విచారణలోనే ఉంది. ఆ మధ్యాహ్నమే మిషను వరండాలోకి వచ్చింది. మన మగధీరులు చెంబులతో నీళ్లు తెచ్చి సుద్ద అంకెలు కడుక్కున్నారు. కట్టినదాంట్లో మాత్రం అంగుళం కూల్చలేదు, సరికదా తర్వాత మిగిలిన చోటు కూడా అరుగులతో, అద్దెగదులతో నింపేశారు. నేను మర్నాటి నుంచి వీధి గుమ్మంలోంచే ఆమె దగ్గరికి వెళ్లాను. మా అత్తగారు నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు. ఆ ధైర్యం నాకు మిషనత్త పెట్టిన భిక్షే.

మంగళవారం మధ్యాహ్నం ఆమెను జనాజా మీద బయటికి తెచ్చారు. కడసారి చూడడానికి వచ్చినవాళ్లకు మా వీధిలో నిలబడే చోటు లేదు. ఎటు చూసినా ఎవరో ఒకరి అరుగు, ఎవరో ఒకరి గోడ. అందరూ ఆమె వదిలిన పది అడుగుల్లోకే వచ్చి చేరారు. వరండాలో మిషను మీద టేపు వేలాడుతోంది. దానికి ఎదురుగా, జనంలో ఇరుక్కుని, తాసిల్దారుగారు పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడ్డారు.