పుట్టుకలు ముందు గదిలో, చావులు వెనక గదిలో

తార్నాకలో మా తొలి మునిసిపల్ ఆఫీసు ఎలా ఉండేదని ఎవరడిగినా, పద్దెనిమిది రాతి స్తంభాలు, గుర్రపుబగ్గీ తిరిగేంత హాలు అని చెబుతుంటాను. అబద్ధం. అది అద్దెకు తీసుకున్న నాలుగు గదుల పెంకుటిల్లు. స్తంభాలు రెండే, అవీ కర్రవి. ముందు గదిలో పుట్టుకల రిజిస్టర్లు, ఒకప్పుడు వంటిల్లయిన వెనక గదిలో చావులవి.

అక్కడి గుమాస్తాను బల్ల గుద్ది నిలదీశానని కూడా చెబుతుంటాను. నిజానికి కాళ్ళు పట్టుకున్నాను.

అరవైలు ముగుస్తున్న రోజులు. నాయన పోయాడు. లాలాపేటలో అమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు, రోజు విడిచి రోజు వెలిగే పొయ్యి. యూనివర్సిటీ లేబొరేటరీలో అటెండరు పని దొరికేలా ఉంది. సాయంత్రం ఐదింటిలోగా పుట్టిన తేదీ కాగితం ఇవ్వాలి, వయసు ఇరవై అయిదు దాటకూడదు. ఇంట్లో తేదీలు ఎవరికీ తెలియవు.

వానలో క్యాంపస్ నుంచి మూడు మైళ్ళు పరిగెత్తాను. సరే, మైలున్నర.

గుమాస్తా ఉర్దూ రిజిస్టరు మీద వేలు జరుపుతూ ఆగాడు.

"తమ్మీ, మీ నాయనకు ఇద్దరు మగపిల్లలున్నరు గిండ్ల. రెండేండ్ల తేడా. పేర్ల గడి ఖాళీ. నువ్వెవరు?"

పేరు పెట్టకముందే పుట్టుక రాయించేవాళ్ళు. నేను పెద్దవాణ్ణి. రెండోవాడు తొమ్మిదో రోజునే పోయాడు.

"పెద్దోని తారీఖెంత సార్?"

చెప్పాడు. వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఇరవై అయిదు దాటి నాలుగు నెలలు.

"చిన్నోణ్ణి సార్."

"మరి పెద్దోడేడి?"

"పోయిండు."

గుమాస్తా వెనక గది వైపు చూశాడు. చావుల రిజిస్టరు తెరిస్తే నా పని అయిపోతుంది. కాళ్ళు పట్టుకున్నది అప్పుడే.

"లే, లే! గాడ ఇల్లంత కురుస్తున్నది. గా నీళ్ళల్లకు ఎవడు పోతడు?" అంటూ ఖాళీ గడిలో నా పేరు రాసి, నకలు చేతిలో పెట్టాడు.

ఐదింటికి ముందే కాగితం ఇచ్చేశాను. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. చెంప మీద ఒక్కటి పడింది.

"నిన్ను నువ్వే సంపుకొని వచ్చినవురా?"

దీపం పెట్టాక దగ్గరికొచ్చి కూర్చుంది.

"గండ్ల మన చిన్నోడు పుట్టిన తారీఖు ఉన్నదా?"

చెప్పాను.

"ఇంకోపారి చెప్పు," అంది.